ముగ్గురు మనవలు, మూడు న్యాయాలు

మా పాకాల పేరు చెప్పగానే చాలమందికి గుర్తుకు వచ్చేది రైలు జంక్షను. కాట్పాడి నుంచి తిరుపతికి పోయే దారీ, ధర్మవరం నుంచి వచ్చే దారీ ఇక్కడ కలుస్తాయి. మీటరు గేజి రోజుల్లో ఇక్కడ దిగి, బండి మారడానికి గంటలకొద్దీ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పుకున్నవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. అలా కూర్చున్నవాణ్ణి "ఏ వూరు మీది?" అని అడిగితే వాడు పాకాల పేరు చెప్పడు. పుట్టిన వూరో, పోతున్న వూరో చెప్తాడు. జంక్షనులో కూర్చున్నంత మాత్రాన జంక్షను వాడి వూరైపోదు గదా! నిజమే గాని, ఆ ప్లాట్‌ఫారం మీదనే ఒక తల్లికి నొప్పులు వచ్చి బిడ్డ పుట్టిందనుకోండి. ఆ బిడ్డది ఏ వూరు?

ఈ ప్రశ్న నాకై నాకు తోచినది కాదు. మా ఎదురింటి అవ్వ వేసిన ప్రశ్నే దీనికి మూలం.

2025 డిసెంబరు. ధనుర్మాసం వచ్చి నాలుగు రోజులైంది. వాకిట్లో ముగ్గు వేసి, చేతికంటిన పిండి సరిగా దులుపుకోకుండానే అవ్వ మా గడప ఎక్కింది. రెండో చేతిలో ఫోను. తాత రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు. ఆ యేడు సంక్రాంతికి అందరూ వస్తారని అవ్వ అక్టోబరు నుంచే వీధిలో అందరికీ చెప్పుకున్నది. వడియాలకు గుమ్మడికాయ కూడ ముందే చెప్పిపెట్టింది.

"నాయనా, పండక్కి వస్తామన్నోళ్లు రామంటా ఉండారు. టిక్కెట్లు గూడా వాపసు చేసేసినారంట. వస్తే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో అంటాడు పెద్దోడు. చిన్నోడేమో పాప సంగతి కోర్టులో ఉండాది అంటాడు. తొమ్మిది నెల్ల పసిబిడ్డ కోర్టుకేమి అపకారం చేసింది నాయనా? నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పేవోడివి. నా మనవరాలు ఏ దేశపు బిడ్డో నువ్వు చెప్పు" అన్నది.

నేను చెప్పే పాఠం తెలుగు. సంధి అడిగితే విడదీస్తాను, సమాసమడిగితే విగ్రహవాక్యం చెప్తాను. పౌరసత్వం నా సిలబసులో లేదు. ఆ మాటే అవ్వతో అంటే, "ఆ మాటకర్థమైనా చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అన్నది.

సరే, అర్థం దగ్గరే మొదలుపెడదాం. పురంలో ఉండేవాడు పౌరుడు. వ్యాకరణం ప్రకారం అంతే. వాడి తండ్రి ఎవరు, తాత ఎక్కడినుంచి వచ్చాడు అని ఆ మాట అడగదు. ఉన్నావా, లేవా అని మాత్రమే అడుగుతుంది. రాజ్యాలకు మాత్రం ఆ ఒక్క ప్రశ్నతో తృప్తి లేదు. బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అని మన ధర్మశాస్త్రకారులు పూర్వం తర్కించుకున్నారు. ఈనాటి ప్రభుత్వాలు తర్కించుకునేది కూడ అదే. పుట్టిన నేలనుబట్టి పౌరసత్వమిచ్చే దేశాలు కొన్ని; తల్లిదండ్రులనుబట్టి ఇచ్చేవి మరికొన్ని; కాసింత అదీ కాసింత ఇదీ కలిపి ఇచ్చేవి చాల. అవ్వ ఇంట్లో ఈ మూడు రకాల చిక్కులూ ఉన్నాయి. అందుకే ఆమె ఇల్లు ఒక పాఠ్యపుస్తకం అనిపించింది నాకు.

పెద్దకొడుక్కి ఇద్దరు. పిల్లవాడు 2006లో ఇక్కడే పాకాలలో పుట్టాడు. మూడో యేట విమానమెక్కాడు. పంతొమ్మిదేళ్ళవాడు. చదువూ, స్నేహాలూ, ఆటలూ అన్నీ అక్కడివే. పాకాల అంటే అతనికి పాస్‌పోర్టులో "పుట్టిన స్థలం" అనే గడి. వాడి చెల్లెలు 2012లో అక్కడే పుట్టింది. చిన్నకొడుక్కి ఒక్కతే కూతురు. 2025 మార్చిలో పుట్టింది. ముగ్గురిదీ ఒకే వంశం, ఒకే గోత్రం. ముగ్గురి తండ్రులూ ఒకే రకమైన ఉద్యోగపు వీసా మీద, ఆ ప్రభుత్వం పిలిచి ముద్ర వేస్తేనే వెళ్ళారు. దొంగదారిన వెళ్ళినవాళ్ళెవరూ లేరు. అయినా ముగ్గురికీ మూడు న్యాయాలు!

చెల్లెలి సంగతి సులువు. అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన పద్నాలుగో సవరణ ప్రకారం, ఆ దేశంలో పుట్టి ఆ దేశపు చట్టాధికారానికి లోబడినవాళ్ళు ఆ దేశ పౌరులు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, నల్లజాతివారి పౌరసత్వాన్ని ఏ శాసనసభా ఏ కోర్టూ మళ్ళీ కాజేయకుండా ఉండాలని వేసిన గట్టి మేకు అది. వలసవచ్చిన వాళ్ళ పిల్లలకు కూడ ఇది వర్తిస్తుందా అనే ప్రశ్న ముప్పయ్యేళ్ళ తరువాత వచ్చింది. వాంగ్ కిమ్ ఆర్క్ అనే యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టాడు. ఒకసారి చైనా వెళ్ళి 1895లో ఓడ దిగబోతే, నువ్వు ఈ దేశంవాడివి కావు పొమ్మన్నారు. అతను కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీం కోర్టు అతను అమెరికా పౌరుడే అని తీర్పు చెప్పింది. అప్పటికి చైనావాళ్ళు వలస రాకూడదనే చట్టం ఆ దేశంలో అమల్లో ఉన్నది. తండ్రికి పౌరుడయ్యే హక్కే లేదు, కొడుకు మాత్రం పుట్టుకతో పౌరుడు! నేల తాలూకు న్యాయానికి ఉన్న బలం అది.

మనవాళ్ళ సంగతీ ఇంతే. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. పౌరసత్వం అడిగితే, నువ్వు తెల్లవాడివి కావు గనుక నీకు అర్హత లేదని 1923లో అదే సుప్రీం కోర్టు చెప్పింది. భారతీయులు అర్జీ పెట్టుకుని పౌరులయ్యే వీలు 1946లో గాని రాలేదు. అదీ యేడాదికి నూరుమంది లోపల వలస రావచ్చుననే కోటాతో. 1965 చట్టం ఆ పాతకోటాలను తీసివేసిన తరువాతనే మన డాక్టర్లూ, ఇంజనీర్లూ బయలుదేరింది. అవ్వ కొడుకులు ఎక్కిన విమానానికి దారి వేసింది ఆ చట్టమే.

ఇంక చిన్నకొడుకు బిడ్డ. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా రెండోసారి ప్రమాణం చేసిన రోజునే ట్రంప్ ఒక ఆజ్ఞ మీద సంతకం చేశాడు. ముప్పయి రోజుల తరువాత పుట్టే పిల్లలకు, తల్లి అక్రమంగా ఉన్నా సరే, సక్రమంగానే చదువుకో ఉద్యోగానికో తాత్కాలికంగా వచ్చినదైనా సరే, తండ్రి కూడ పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, పుట్టుకతో పౌరసత్వం లేదన్నాడు. ఈ రెండో మాట సూటిగా మన ఇళ్ళమీద పడింది. ఆ గడువు లోపల కాన్పు చేసేయమని డాక్టర్లను అడిగిన భారతీయ తల్లులు ఉన్నారని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. మనం శుభలగ్నం చూసి సిజేరియను పెట్టించుకోవడం ఎరుగుదుము. రాజాజ్ఞ గడువు చూసి పెట్టించుకోబోవడం మాత్రం కొత్త ముహూర్తమే!

కోర్టులు ఆ ఆజ్ఞను అమలు కానివ్వలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక జడ్జి మూడు నాలుగు రోజుల్లోనే నిలిపివేశాడు. మరి రెండుచోట్ల కూడ అలాగే జరిగింది. జూన్ 27న సుప్రీం కోర్టు, ఒక్కొక్క జడ్జి దేశమంతటికీ వర్తించే నిలుపుదల ఇవ్వరాదని చెప్పిందే గాని, ఆజ్ఞ మంచిదో చెడ్డదో చెప్పలేదు. వెంటనే జులైలో న్యూహాంప్‌షైరు జడ్జి, అలాంటి పిల్లలందరినీ ఒకే వర్గంగా లెక్కగట్టి మళ్ళీ నిలిపివేశాడు. డిసెంబరులో సుప్రీం కోర్టు అసలు ప్రశ్ననే విచారణకు తీసుకున్నది. అవ్వ మా గడప ఎక్కింది ఆ కబురు వచ్చిన వెనుకనే. ఈ నిలుపుదలల పుణ్యమా అని మార్చిలో పుట్టిన పాపకు జనన పత్రం వచ్చింది, పాస్‌పోర్టూ వచ్చింది. అయినా తండ్రి గుండెలో దడ. చేతికి వచ్చిన కాగితం చేతిలోనే ఉన్నది, దాని ప్రాణం వేరే వూళ్ళో న్యాయమూర్తుల దగ్గర ఉన్నది. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం పెట్టుకున్న మాంత్రికుడి కథలాగ!

నన్నడిగితే ముగ్గురిలోనూ ఎక్కువ జాలిపడవలసింది పెద్ద మనవడి మీద. వాడి పేరు ఏ పత్రికలోనూ పడదు. వాడు తండ్రి వీసాకు తోకలాగ అంటుకుని ఉన్నాడు. ఇరవై ఒకటో పుట్టినరోజున ఆ తోక తెగుతుంది. ఈలోగా తండ్రికి గ్రీన్‌కార్డు వస్తే కొడుక్కీ వస్తుంది. రావాలి గదా! ఉద్యోగాల లెక్కన యేడాదికి ఇచ్చేవి, కుటుంబ సభ్యులతో కలిపి, లక్షా నలభై వేలకు అటూ ఇటూ. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ నూటికి ఏడు వంతులకు మించి ఇవ్వరాదని 1990 చట్టం. చిన్న ద్వీపానికీ, నూటనలభై కోట్ల భారతదేశానికీ అదే ఏడు. తండ్రి 2015లో దరఖాస్తు పెట్టాడు. పదేళ్ళయినా వంతు రాలేదు. పిల్లవాడు పెరగకుండా ఆగడు గదా. దరఖాస్తు పరిశీలనకు పట్టిన కాలాన్ని పిల్లవాడి వయసులోంచి తీసివేయమని 2002లో ఒక చట్టం చేశారు గాని, పదేళ్ళ వరుసకు ఆ నెలల తగ్గింపు ఏమూలకు?

ఇంకొక వింత వినండి. చిన్నతనంలో అక్రమంగా తీసుకురాబడిన పిల్లలకు 2012లో ఒబామా ప్రభుత్వం ఒక రక్షణ కల్పించింది. చాల మంచిపని. కాని సక్రమమైన వీసా మీద వచ్చిన పిల్లలకు అందులో చోటులేదు. నియమాలన్నీ పాటించిన తండ్రి కొడుకు ఆ పాటించడంవల్లనే బయట నిలబడ్డాడు. వాడు అవ్వతో ఫోనులో వచ్చీరాని తెలుగులో, "అవ్వా, నేను పాకాలకు వస్తే నాకు ఏం పని ఇస్తారు?" అని అడిగాడట. ముందు ఆమె నవ్వింది. తరువాత వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఈ సంగతి నాకు చెప్పింది తాత.

ఇది కొత్తగా వచ్చిన కష్టమని మనం అనుకుంటున్నాం. మా ప్రాంతానికి ఇది పాతదే. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షన్నరమంది దాకా భారతీయులు నేటాల్ చెరకు తోటలకు కంట్రాక్టు కూలీలుగా వెళ్ళారు. మద్రాసు నుంచి ఓడ ఎక్కినవాళ్ళలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళు ఎక్కువ. ఆ ఉత్తర ఆర్కాటులోని చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు మొదలైన తాలూకాలు తీసే 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. కూలీల ఓడలు ఆగిపోయిందీ ఆ సంవత్సరమే. కాబట్టి డర్బన్‌లో కనిపించే నాయుళ్ళ, రెడ్ల ఇళ్ళలో కొందరి ముత్తాతలు మా చుట్టుపక్కల పల్లెలవాళ్ళే అయి ఉంటారు.

కంట్రాక్టు అయిదేళ్ళు. అది తీరాక అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించుకుంటామంటే తెల్లవాళ్ళకు కంటగింపైంది. 1895లో, తీరినవాడు తిరిగిపోవాలి, లేదా మళ్ళీ కూలి కంట్రాక్టు వ్రాయాలి, రెండూ కాకపోతే మనిషికి యేటా మూడు పౌన్లు పన్ను కట్టాలి అని చట్టం చేశారు. మొదట ఇరవై అయిదు పౌన్లు అనుకున్నారట! 1903లో ఆ పన్నును పిల్లల మీదికి కూడ పొడిగించారు. పదహారు నిండిన మొగపిల్లవాడు, పదమూడు నిండిన ఆడపిల్ల, ఆ గడ్డమీదనే పుట్టి ఇంకో గడ్డ ఎరుగని పిల్లలైనా సరే, అక్కడ బ్రతకడానికి యేటా మూడు పౌన్లు కట్టాలి. కూలివాడి జీతం ఎంత? నెలకు పద్నాలుగు షిల్లింగులకు మించదు. ఇరవై షిల్లింగులు ఒక పౌను గనుక, సంవత్సరానికి ఎనిమిది పౌన్ల ఎనిమిది షిల్లింగులు. మొగుడూ పెళ్ళామూ ఈడొచ్చిన ఇద్దరు పిల్లలూ ఉంటే పన్ను పన్నెండు పౌన్లు! ఇంటాయన సంపాదన అంతా పోసినా పన్ను తీరదు. పదమూడేళ్ళు రావడమే ఆడపిల్ల చేసిన నేరం.

ఆ తరువాత కథ మీకు తెలుసు. 1913 మార్చిలో కేప్‌టౌన్ జడ్జి ఒకాయన క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళిళ్ళు చెల్లవన్నాడు. అంటే తాళికట్టిన భార్య భార్య కాదు, ఆమె పిల్లలు వారసులు కారు. అప్పుడు ఆడవాళ్ళు కూడ జైళ్ళకు సిద్ధపడ్డారు. న్యూకాసిల్ బొగ్గుగనుల్లో సమ్మె పుట్టింది. గాంధీగారు రెండువేల పైచిలుకు జనంతో ట్రాన్సువాలు సరిహద్దు దాటారు. 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది. పెళ్ళిళ్ళకూ గుర్తింపు వచ్చింది. కాని అక్కడి భారతీయులు ఆ దేశపు శాశ్వత ప్రజలే అని ఆ ప్రభుత్వం ఒప్పుకున్నది 1961లో. అందరితోపాటు సమానంగా ఓటు వేసింది 1994లో. మొదటి ఓడ దిగిన నూటముప్పయినాలుగేళ్ళకు! తండ్రి దగ్గర వాయిదా వేసిన న్యాయం మునిమనవడికి అందింది.

తూర్పు వైపు కథలు ఇంకా చేదు. 1931 లెక్కలనాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. కోరంగి రేవునుంచి వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ కొరంగీలనే పిలిచేవారు. 1942లో జపాను బాంబులకు జడిసి అడవులవెంట నడిచివచ్చినవాళ్ళు కొందరు. 1962లో సైన్యం గద్దెనెక్కి, 1964లో దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక కట్టుబట్టలతో ఓడలెక్కినవాళ్ళు మరికొందరు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఆనాటి గురుతే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఇక్కడికి వచ్చి "బర్మావాళ్ళు" అయ్యారు. ఉండిపోయినవాళ్ళకు 1982 చట్టం వచ్చింది. 1823కు ముందునుంచీ ఉన్న జాతులవాళ్ళకే పూర్తి పౌరసత్వం, మిగతావాళ్ళకు మెట్టు తక్కువ పౌరసత్వం. మలయా కొంత నయం. 1957 ఆగస్టు 31న స్వతంత్రమైనప్పుడు ఆ నేలమీద పుట్టే బిడ్డలంతా పౌరులన్నారు. అయిదేళ్ళు తిరక్కుండానే, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులో స్థిరనివాసులో అయి ఉండాలని ముడి వేశారు. రబ్బరు తోటల్లో మంత్రసాని చేతిలో పుట్టి జనన పత్రం లేని పిల్లలకు ఆ ముడి విప్పుకోవడం తరాల పని అయింది.

ఇంతదాకా పరాయివాళ్ళ తప్పులు ఎంచాను. ఇప్పుడు మన ఇంటి సంగతి కూడ చెప్పకపోతే అన్యాయమవుతుంది.

1947లో రాజ్యాంగసభలో పౌరసత్వం మాట వచ్చినప్పుడు, సర్దార్ పటేల్ ఇరుకు దృష్టి వద్దన్నారు. ప్రపంచమంతా మనం ఏం చేస్తామో చూస్తున్నదనీ, నాగరికులైన ఆధునికుల దృష్టి మనకుండాలనీ ఆయన భావం. 1955లో చేసిన చట్టం ఆ బాటనే నడిచింది. 1950 జనవరి 26 తరువాత ఈ నేలమీద పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులెవరైనా సరే, భారతీయ పౌరుడు. రాయబారుల పిల్లలవంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. అస్సాంలో ఆందోళనలు జరిగి 1985లో ఒప్పందం కుదిరాక ఆ తలుపు సగం మూశాం. 1987 జులై 1 నుంచి పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఆ రెండోవారు అక్రమంగా వచ్చినవారు కూడ కాకూడదు. అంటే, హైదరాబాదులో సక్రమమైన వీసా మీద పనిచేసుకునే విదేశీ దంపతులకు అక్కడే బిడ్డ పుడితే, ఆ బిడ్డ మన పౌరుడు కాదు. ట్రంప్ ఆజ్ఞలో ఏమి వ్రాశాడో, మన చట్టంలో అది ఏనాడో ఉన్నది. ఈ మాట చెప్తే అవ్వ మొహం చిన్నబుచ్చుకున్నది. నాకూ చెప్పడం ఇష్టంగా లేదు గాని నిజం నిజమే.

తడ దాటి మదరాసు వైపు పోతే గుమ్మిడిపూండి. అక్కడ సింహళంలో పోరాటాలకు జడిసి వచ్చిన తమిళుల శిబిరం ఉన్నది. 1983 నుంచి అలా వచ్చినవాళ్ళ పిల్లలూ, పిల్లల పిల్లలూ తమిళనాడు శిబిరాల్లోనే పుట్టారు, ఇక్కడి బళ్ళలోనే చదివారు. వాళ్ళు ఏ దేశపు పిల్లలు? రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒక స్త్రీ పాస్‌పోర్టు అడిగితే లేదన్నారు. ఆమె కోర్టుకు వెళ్ళింది. 1987 జులైకి ముందు పుట్టినది గనుక ఆమె పుట్టుకతోనే భారతీయురాలని మదరాసు హైకోర్టు 2022లో తేల్చింది. 2024 ఎన్నికల్లో ఆమె జీవితంలో మొదటిసారి ఓటు వేసింది. సంతోషం. అదే శిబిరంలో రెండేళ్ళ తరువాత పుట్టిన చెల్లెలు ఎవరైనా ఉంటే ఆమెకా తీర్పు వర్తించదు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి రెండు న్యాయాలు, మన దేశంలోనే. అవ్వ ఇంటి కథ మన పక్క ఇంట్లోనే ఉన్నదన్నమాట.

మరి ప్రతి దేశమూ తలుపులు బార్లా తెరిచిపెట్టాలా అని మీరడగవచ్చు. అడగవలసిన మాటే. కాన్పుకోసమే విమానమెక్కి వచ్చి, బిడ్డకు పాస్‌పోర్టు సంపాదించుకుని పోయేవాళ్ళు లేకపోలేదు. ఎవరు తనవారో తేల్చుకునే హక్కు ప్రతి ఇంటికీ ఉన్నట్లే ప్రతి రాజ్యానికీ ఉంటుంది. కాని తలుపు దగ్గర నిలబెట్టి అడిగే ప్రశ్న తండ్రికి వేయాలి. పసిబిడ్డ ఏ వీసా కోసమూ సంతకం పెట్టలేదు.

దీనికి ఒక మధ్యేమార్గం బ్రిటనులో ఉన్నది. వాళ్ళూ 1983 నుంచి పుట్టుక మాత్రంచేత పౌరసత్వం ఇవ్వడం మానేశారు. అయితే అక్కడ పుట్టిన బిడ్డ మొదటి పదేళ్ళూ అక్కడే పెరిగితే, తల్లిదండ్రుల కాగితాలు ఎలా ఉన్నా, పౌరుడుగా నమోదు చేసుకొమ్మని అడిగే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది. జర్మనీ నిన్నమొన్నటిదాకా నెత్తురునే నమ్ముకున్న దేశం. 2000 నుంచి, తల్లిదండ్రుల్లో ఒకరు ఎనిమిదేళ్ళు సక్రమంగా ఉంటే అక్కడ పుట్టిన బిడ్డను తనదిగా ఒప్పుకున్నది. 2024లో ఆ ఎనిమిదిని అయిదు చేసింది. అంటే కన్నవాళ్ళెవరు, పుట్టిన నేలేది అనే రెండు ప్రశ్నలకు మూడోది ఒకటి చేర్చారు: ఎక్కడ పెరిగావు?

మనకీ ప్రశ్న కొత్త కాదు. దేవకి కన్నది, యశోద పెంచింది. కృష్ణుణ్ణి యశోద కొడుకు కాదనే ధైర్యం ఈ దేశంలో ఎవరికుంది? పాకాల కన్నది గాని పెద్ద మనవణ్ణి పెంచింది అమెరికా. సింహళపు తల్లులు కన్నారు గాని ఆ శిబిరాల పిల్లలను పెంచింది మన బళ్ళూ, మన రేషను బియ్యమూ. పెంచిన నేలకు కొంత బాధ్యత ఉండాలి, పెరిగినవాడికి కొంత హక్కు ఉండాలి. పదేళ్ళో, పన్నెండేళ్ళో ఒక గీత గీసుకోండి. ఆ గీత దాటిన బిడ్డను ఇరవై ఒకటో యేట వీధిలో నిలబెట్టకండి. అమెరికాను మనం అడిగేది ఇదే అయితే, గుమ్మిడిపూండిలో కూడ ఇదే చెల్లాలి. అక్కడికొక తూకం, ఇక్కడికొక తూకం పెట్టుకుంటే మన మాటను ఎవరు లెక్కచేస్తారు?

క్లాసులో శకుంతలోపాఖ్యానం చెప్పేటప్పుడు పిల్లలు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. నన్నయ్యగారి శకుంతల దగ్గర ఉంగరం లేదు. ఆశ్రమంలో పుట్టిన కొడుకును వెంటబెట్టుకుని నిండుసభలోకి వస్తుంది. దుష్యంతుడు నిన్నెరుగనంటాడు. ఆమె దగ్గర కాగితం లేదు, సాక్షి లేడు. చివరికి అశరీరవాణి పలికితేగాని ఆ బిడ్డకు తండ్రి ఇంట చోటు దొరకలేదు. "ఆకాశవాణి పలకకపోతే ఏమయ్యేది సార్?" అంటారు పిల్లలు. ఏమయ్యేదో గాని, సభలో తిరస్కారం పొందిన ఆ పిల్లవాడి పేరే భరతుడు. ఈ దేశానికి ఆ పేరు పెట్టుకున్నాం. ఇంటి పేరే అటువంటిదైనవాళ్ళం, కాగితంలేని బిడ్డ గుమ్మంలో నిలబడితే కాస్త ఆలోచించి మాట్లాడాలి గదా.

ఇదంతా అవ్వకు చెప్పానా అంటే, చెప్పలేదు. ఆమెకు కావలసింది వేరు. పసిపాపకు అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నారు గనుక ఆమె ఇక్కడ పౌరురాలు కాదనీ, ఆ పాస్‌పోర్టు తీసుకోకుండా యేడాదిలోపల మన కాన్సలేటులో జననం నమోదు చేయించి ఉంటే మన పౌరురాలయ్యేదనీ, రెండు దేశాల పౌరసత్వం మన చట్టం ఒప్పుకోదనీ చెప్పాను. మనవాళ్ళ సంతతికి 2005 నుంచి ఓ.సి.ఐ. కార్డు అని ఒకటి ఇస్తున్నారు, దానితో వీసా లేకుండా ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు, ఓటు మాత్రం లేదు అన్నాను.

"ఓటు లేకపోతే పాయె. ఏటి గట్టున ఎకరా మామిడితోట ఉండాది గదా, అది పాప పేరుమీద పెడదామనుకుంటిని. పెట్టొచ్చునా?"

సాగుభూమి ఆ కార్డు ఉన్నవాళ్ళు కొనకూడదు, దానంగా పుచ్చుకోకూడదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు అని చెప్పవలసి వచ్చింది.

అవ్వ కాసేపు ఆలోచించింది. "అంటే నేను పొయ్యినాక గాని దానికి రాదు అంటావు."

నేనేమీ అనలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"సరే కానీ నాయనా. ఈ యేడు నాటిన అంట్లు ఉండాయి. కాపుకొచ్చేదానికి నాలుగేండ్లు పడుతుంది. అందాకా నీళ్లు పొయ్యాల గదా, నేనిప్పుడే యాడికి పోతాను?" అంటూ గడప దిగి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళింది.